ఆరు చక్రాల నీటి బండిని ఇంటి దగ్గరే బాగుచేసుకోవడం

బోరు మోటార్లు విప్పి బాగుచేయడం ఇరవై ఏళ్లుగా నా పని. పరకాలలో చిన్న షాపు, ఊళ్లో బాయి కాడ ఒక రేకుల షెడ్డు. 2021లో నేల మీదా నీళ్ల మీదా నడిచే ఈ బండి ఒక పాత ఇనుప సామాన్ల దుకాణం వెనక వేపచెట్టు కింద కనిపించింది. నేను ముందు చూసింది ఇరుసు తొట్టిలోకి దూరే చోటు. వేలు పెట్టగానే రబ్బరు సీలు పెళుసుబారిన అప్పడంలా రాలింది. దాని కింద జంగు నీళ్లు కారి ఎండిన ఎర్రటి చార. మోటారులోనైనా ఈ బండిలోనైనా నీళ్లు తిరిగే ఇరుసు వెంటే లోపలికి దారి చేసుకుంటాయి. ఆ జబ్బు నాకు తెలిసిందే కాబట్టి ధైర్యం చేసి కొన్నాను.

తెలియనివాళ్ల కోసం బండి సంగతి కొంచెం చెప్తాను. కెనడాలో 1967 నుంచి ఆర్గో పేరుతో వస్తున్న రకం ఇది. కింద పడవలాంటి ప్లాస్టిక్ తొట్టి, అటు మూడు ఇటు మూడు బుడగల్లాంటి టైర్లు. ఇంజను, గేర్‌బాక్సు, చైన్లు అన్నీ తొట్టి లోపలే. చక్రాలు పక్కకు తిరగవు. హ్యాండిల్ ఎడమకు లాగితే ఎడమ వైపు చక్రాలకు బ్రేకు పడి, కుడి వైపువి తిరుగుతాయి. దున్నేటప్పుడు ట్రాక్టరుకు ఒక వైపు బ్రేకు తొక్కి మలుపుతాం కదా, అదే పద్ధతి. నీళ్లలోకి దిగితే టైర్ల మీది గాట్లే తెడ్లలా నీటిని వెనక్కి నెడతాయి. అప్పుడు వేగం గంటకు 4, 5 కిలోమీటర్లకు మించదు. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి, తర్వాత దీని పని పడుతుంది.

ముందు వాసన, తర్వాత పానా

విప్పే ముందు మూత తీసి ఒక పూట గాలికి వదిలేయండి. మామూలు బండిలో పెట్రోలు కారితే నేల మీద పడుతుంది. ఇది పడవ. కారిన ప్రతి చుక్కా తొట్టి అడుగునే నిలుస్తుంది, ఆవిరి కూడా బరువుగా అక్కడే కూర్చుంటుంది. బ్యాటరీ వైరు తగిలించేటప్పుడు వచ్చే ఒక్క నిప్పురవ్వ చాలు. ఈ రోజుకీ తాళం తిప్పే ముందు నేను మూత ఎత్తి, వంగి వాసన చూస్తాను. పెట్రోలు పైపులు పాతవైతే ఆలోచించకుండా అన్నీ మార్చేయండి. ఇప్పుడు బంకుల్లో దొరికే ఇథనాల్ కలిపిన పెట్రోలుకు పాత రబ్బరు ఆగదు. కొత్త పైపు కొనేటప్పుడు ఇథనాల్‌కు పనికొచ్చేదేనా అని అడిగి తీసుకోండి.

ఇంజనాయిల్ చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే. నా బండిలో అలాగే ఉంది. పాతది దింపి, కొత్తది పోసి, పది నిమిషాలు నడిపి అదీ దింపేసి, మళ్లీ కొత్తది పోశాను. ప్లగ్గు, కార్బురేటరు పని బైకు మెకానిక్ ఎవరైనా చేస్తారు, దాని గురించి ఇక్కడ ఎక్కువ రాయను. ఇంజను నుంచి గేర్‌బాక్సుకు శక్తిని స్కూటీలో ఉండే లాంటి బెల్టే తీసుకెళ్తుంది. దాని అంచులు పీచుపీచుగా ఉంటే మార్చండి. బెల్టు మీద, పుల్లీల మీద నూనె చెయ్యి పెట్టొద్దు.

తొట్టి పగుళ్లు

నాకన్నా ముందు ఎవరో తొట్టి పగులుకు ఎపాక్సీ ముద్ద పెట్టారు. గోటితో గీకితే పెచ్చులా లేచి వచ్చింది. తప్పు ఆ ముద్దది కాదు. ఈ తొట్టి పాలిథిలీన్ ప్లాస్టిక్, అంటే హెచ్‌డీపీఈ. దానికి మామూలు జిగురేదీ పట్టదు, వెల్డింగే మందు. మీ తొట్టి అదేనా కాదా అనే అనుమానం ఉంటే లోపలి అంచు నుంచి చిన్న ముక్క చెక్కి నీళ్లలో వేయండి, తేలుతుంది. కాలిస్తే కొవ్వొత్తి ఆర్పిన వాసన వస్తుంది.

బోరు మోటారు దింపే నల్ల పైపు కూడా హెచ్‌డీపీఈనే. నా షాపు నిండా దాని ముక్కలే. పైపును సన్నగా, అగ్గిపుల్లకన్నా కాస్త లావుగా చీరి వాటినే వెల్డింగ్ పుల్లలుగా వాడాను. కానీ నేరుగా తొట్టి మీద మొదలుపెట్టకండి. తొట్టి నుంచి చెక్కిన ముక్కకు పైపు పుల్లను అతికించి, చల్లారాక వంచి చూడండి. అతుకు విడిపోకుండా ముక్క వంగితే రెండూ కలిసినట్టు.

పగులు రెండు చివర్లా 3 మి.మీ. రంధ్రం వేయాలి, లేకపోతే వెల్డింగ్ చేశాక కూడా పగులు ముందుకు పాకుతుంది. తర్వాత పగులు వెంట వి ఆకారంలో గాడి తీయాలి. ఎండకు మాడిన పైపొర వెల్డింగ్‌ను పట్టనివ్వదు, కాబట్టి అతికే ముందే, అదే నిమిషంలో, బ్లేడుతో గీకి తాజా ప్లాస్టిక్ బయటపడేలా చేయాలి. వేడిగాలి గన్ను 270 నుంచి 300 డిగ్రీల దగ్గర పెట్టి, గాడినీ పుల్లనూ ఒకేసారి వేడి చేస్తూ పుల్లను కిందికి నొక్కుతూ పోవాలి. రెండూ చెమట పట్టినట్టు తడిగా మెరిసినప్పుడే నొక్కాలి. పొగ వస్తే వేడి ఎక్కువైంది. మెరుపు రాకముందే నొక్కితే పుల్ల పైన కూర్చుంటుంది గానీ కలవదు. జానెడు పగులుకు నాకు ఒక సాయంత్రం మొత్తం పట్టింది. అందులో రెండుసార్లు గీకి మళ్లీ చేశాను.

లీకు చూడటానికి మా ఇంటావిడ చెప్పిన ఉపాయం చాలా బాగా పనిచేసింది. ఇరుసులు బయట ఉన్నప్పుడే తొట్టిని నాలుగు ఇటుకల మీద ఎత్తి, అడుగు రంధ్రాలకు బిరడాలు పెట్టి, ఇరుసు రంధ్రాల కిందివరకు లోపల నీళ్లు పోశాం. బయట ప్రతి అతుకు మీదా పొడి ముగ్గుపిండి అద్దాం. అరగంటకు ఒక చోట తెల్లటి పిండిలో ఆవగింజంత ముదురు చుక్క మొలిచింది. కంటికి కనిపించని సూది బెజ్జం అది. నీళ్లు తీసి, పూర్తిగా ఆరబెట్టి, అక్కడ మళ్లీ వెల్డింగ్ చేశాను.

బేరింగులు, చైన్లు

పరకాలలో బేరింగు కొనడానికి పోయినప్పుడు మొదటి పొరపాటు చేశాను. హార్వెస్టర్లకు వేసే యూసీ 206 చూడటానికి అచ్చం ఒకేలా ఉంది, తెచ్చేశాను. ఇరుసు ఎక్కలేదు. ఇది అంగుళాల లెక్కలో చేసిన బండి. వెర్నియర్ పెడితే నా ఇరుసు 1¼ అంగుళం, అంటే 31.75 మి.మీ. వచ్చింది. యూసీ 206 లోపలి కొలత 30 మి.మీ. లేత్ షాపులో ఇరుసును తరిగిస్తానని మా మేనల్లుడు బయల్దేరాడు.

“ఒద్దు బిడ్డా, ఇరుసు తరిగితే మళ్ల పెరగదు. బేరింగే ఎతుకుదాం.”

“ఇంక గట్లాంటిది యాడ దొరుకుతది మామా?”

దొరికింది. యూసీ 206-20 అని అడగాలి. అదే బయటి సైజు, లోపల 1¼ అంగుళం. మీ బండికి ఇరుసు వేరే సైజు ఉండవచ్చు, కొలిచాకే దుకాణానికి వెళ్లండి.

ఇరుసు మీద సీలు ఆనే చోట తడిమి చూడండి. గోరు తట్టుకునే గాడి ఉంటే కొత్త సీలు కూడా నెల తిరక్కుండా చిరుగుతుంది. సన్నటి ఎమిరీ పేపరుతో నునుపు చేయండి, గాడి లోతుగా ఉంటే సీలు కొంచెం లోపలికో బయటికో జరిగేలా కూర్చోబెట్టండి. గ్రీజు నీళ్లకు ఆగే రకం వాడాలి. పాత గ్రీజు ఏ రకమో తెలియనప్పుడు దాని మీద కొత్తది ఎక్కించొద్దు. కొన్ని రకాలు కలిస్తే పలచబడి కారిపోతాయి. డీజిల్‌లో కడిగి మొదటి నుంచి నింపాలి. గ్రీజు గన్ను చేత్తో కొట్టేదే మంచిది, నెమ్మదిగా కొట్టండి. జోరుగా కొడితే గ్రీజే సీలును బయటికి తోసేస్తుంది.

చైన్లకు కంటి లెక్క పనికిరాదు. నా బండి చైనులో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు 5/8 అంగుళం. చైనును బిగించి పరిచి 16 లింకులు కొలిస్తే కొత్త చైను 254 మి.మీ. ఉండాలి. 259 దాటిందంటే రెండు శాతం సాగింది, దాన్ని తీసేయాలి. నావి 262 ఉన్నాయి. స్ప్రాకెట్ పళ్లు కొడవలి మొనలా వంగి ఉంటే వాటినీ మార్చాలి, లేదంటే కొత్త చైనును అవి తినేస్తాయి.

టైర్ల విషయంలో చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. ఒక వైపు మూడు చక్రాలూ చైన్లతో కలిసి ఒకే లెక్కన తిరుగుతాయి. వాటిలో ఒక టైరు చుట్టుకొలత తక్కువైతే అది నేల మీద ఈడ్చుకుంటూ పోతుంది, ఆ బలమంతా చైను మీద పడుతుంది. అందుకే ఆరింటికీ గాలి కొట్టి, దారం చుట్టి కొలవండి. తేడా ఉంటే గాలి సరిచేయండి. ఇవి 2, 3 పీఎస్‌ఐ గాలితో నడిచే టైర్లు. పంక్చర్ షాపు కంప్రెసరు పెడితే కళ్ల ముందే పగులుతాయి. కాలి పంపు వాడి, తక్కువ గాలి చూపే గేజీ కొనుక్కోండి.

దించే ముందు

పని సగంలో ఉన్నప్పుడే 2023 జులై 27 వచ్చింది. ఆ వానకు ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మి.మీ. కురిసింది. పరకాల నుంచి భూపాలపల్లి పోయే దారిలోని మొరంచపల్లిని తెల్లవారుజామున వాగు ముంచేసింది. జనం ఇళ్ల మీద, చెట్ల మీద గడిపారు, హెలికాప్టర్లు, పడవలు వచ్చి తీశాయి. ఆ వారమంతా నాకు నిద్ర లేదు. బండి రెడీగా ఉంటే పోయేవాడివా అని ఊళ్లో అందరూ అడిగారు.

పోకూడదు. పైన చెప్పిన అంకె గుర్తుందా, గంటకు 4, 5 కిలోమీటర్లు. పొంగిన వాగు అంతకన్నా చాలా వేగంగా పోతుంది. దాని ముందు ఈ బండి కొట్టుకుపోయే తొట్టె, అంతే. తొట్టి అంచు నీటికి జానెడు ఎత్తులోనే ఉంటుంది, ఒక్క దుంగ తగిలితే నిండిపోతుంది. నిలిచిన నీళ్లకే దీన్ని వాడాలి. మత్తడి దుంకుతున్నప్పుడు, అంటే చెరువు నిండి అలుగు పారుతున్నప్పుడు, చెరువులోకి కూడా దించను. వాన తగ్గి, పొలాల్లో నీళ్లు నిలిచిపోయినప్పుడు మందులు, బియ్యం, పశువుల మేత చేరవేయడానికి మాత్రం దీన్ని మించింది లేదు. నేను దాన్ని పూర్తి చేసింది ఆ పనికే.

రోడ్డు మీద నడపడానికి దీనికి రిజిస్ట్రేషన్ లేదు, బొలెరో పికప్‌లో ఎక్కించి తీసుకెళ్తాను. పాకాల, రామప్ప లాంటి చెరువుల్లో సరదాకు దించొద్దు. అవి తాగే నీళ్లు, సాగు నీళ్లు, జంతువుల నీళ్లు. మొదటిసారి నేను మా సొంత చేపల కుంటలోనే, నడుంలోతు నీళ్లలో దించాను. వెనక తాడు కట్టి, ఆ తాడును ట్రాక్టరుకు బిగించాం. బండిలో నేనొక్కడినే, లైఫ్ జాకెట్ వేసుకుని. గట్టు మీది నుంచి నీళ్లలోకి ముక్కుసూటిగా, తక్కువ గేరులో దిగాలి. ఐమూలగా దిగితే ఒక వైపు ముందు తేలి, బండి ఒరిగిపోతుంది. తేలగానే ఆపి, టార్చి వేసి ఆరు ఇరుసుల మొదట్లో చూశాను. వెనక ఎడమ దాని దగ్గర మాత్రం ఒక సన్నటి ధార. వెంటనే ఒడ్డుకు లాగించుకున్నాను. సీలు అంచు మడతపడింది. మార్చాక రెండోసారి చుక్క రాలేదు. అయినా 12 వోల్టుల చిన్న పంపు ఒకటి అడుగున బిగించాను, నీళ్లలోకి దిగే ప్రతిసారీ ముందు అది తిరుగుతుందో లేదో చూస్తాను.

ఒడ్డుకు వచ్చాక

ఈ బండి నీళ్లలో ఉన్న గంటలో కన్నా, తర్వాత షెడ్డులో ఉన్న నెలలో ఎక్కువ పాడవుతుంది. తొట్టిలో మిగిలిన రెండు చెంబుల నీళ్లు చైన్లను, బేరింగులను రాత్రీ పగలూ తింటాయి. రాగానే బిరడాలన్నీ తీసి, ముందు భాగం ఎత్తులో నిలబెట్టండి. మిగిలింది గుడ్డతో తుడవండి. బ్రేకులు తడిసి ఉంటాయి కాబట్టి నెమ్మదిగా నడుపుతూ అటూ ఇటూ రెండు మూడుసార్లు లాగితే ఆరతాయి. ఎక్కువసేపు ఒకే వైపు పట్టి ఉంచొద్దు, డిస్కు వేడెక్కితే పక్కనే ప్లాస్టిక్ ఉంది. సైలెన్సర్ చుట్టూ చేరిన ఎండుగడ్డి, వరి పొట్టు ప్రతిసారీ తీసేయండి, ఆ ఒక్క నిర్లక్ష్యానికే బండి కాలిపోగలదు. చైన్లకు స్ప్రే నూనె పలచగా చాలు. పాత ఇంజనాయిల్ పోస్తే పంపు దాన్ని తీసుకెళ్లి కుంటలో పోస్తుంది, చేపలు చస్తాయి. షెడ్డు తలుపులు మూసి ఇంజను నడపొద్దు. ఆ పొగ మనిషిని తెలియకుండానే పడేస్తుంది.

వానాకాలంలో పదిహేను రోజులకోసారి గ్రీజు, ఎండాకాలంలో టైర్ల మీద గోనెపట్టా. నెలకు పైగా ఆపితే కార్బురేటరులో పెట్రోలు ఖాళీ చేయాలి.

తీసిన బిరడాలను నేను షెడ్డులో ఎక్కడా పెట్టను. వాటికి ఎర్ర గుడ్డ కట్టి హ్యాండిల్‌కు వేలాడదీస్తాను. ఆ గుడ్డ అక్కడ ఉన్నంతవరకు బండి నీళ్లకు పోదు. పోయే రోజు మా మేనల్లుడు ఒక్కొక్కటే విప్పి, “ఒకటి, రెండు” అని పైకి లెక్కపెడుతూ నా చేతికిస్తాడు, నేను కింద పడుకుని బిగిస్తాను. గుడ్డ మాత్రం వాడి జేబులోకి పోతుంది.