మొక్కల సారాలకు పరీక్షలు – 4వ పాఠం: బదాన్ ఆకు రంగు తెచ్చిన తంటా

ఈసారి బాక్టీరియా పరీక్షలోకి దిగుదామనుకున్నాను. బదాన్ ఆకు సారంతో మీరు చేసిన డీపీపీహెచ్ (యాంటీఆక్సిడెంట్ బలం కొలవడానికి వాడే ఊదారంగు రసాయనం) పరీక్ష లెక్కలు చూశాక, పాత చిక్కు విప్పకుండా ముందుకెళ్లడం దండగనిపించింది. చాలామందికి సారం గాఢత పెంచేకొద్దీ యాంటీఆక్సిడెంట్ శాతం పెరిగి, చివర్లో దబ్బున పడిపోయింది. కొందరికైతే మైనస్సుల్లోకి వెళ్లింది. "ఈ మొక్కలో సరుకు లేదండీ" అని తేల్చేశారు. మొక్క మీద నింద వెయ్యకండి.

మనం తీసుకున్నది బదాన్, అంటే బెర్గేనియా క్రాసిఫోలియా. మంగోలియా ఉత్తరాన ఖువ్స్‌గుల్ వైపు, పడమట ఆల్తాయ్ కొండల్లో రాళ్ల మధ్య పెరుగుతుంది. దళసరి ఆకు, చలికాలంలోనూ రాలదు. మంచు కింద నల్లబడిన పాత ఆకునే ఏరి టీ కాస్తారు. వగరునిచ్చే టానిన్లు దండిగా ఉంటాయి, ఆర్బుటిన్, బెర్గెనిన్ కూడా. నల్లాకు కాబట్టి సారం ముదురు గోధుమరంగులో దిగుతుంది. తంటా అంతా అక్కడే.

సారంలోని యాంటీఆక్సిడెంట్ల వల్ల డీపీపీహెచ్ ఊదారంగు విరిగి పసుపుకు తిరిగితే 517 నానోమీటర్ల దగ్గర రీడింగు, అంటే మింగిన కాంతి కొలత, తగ్గుతుంది. సారం సొంత రంగు కూడా అక్కడే కాంతిని మింగుతుంది. ఏది ఎవరి రంగో యంత్రానికేం తెలుసు? కాబట్టి డీపీపీహెచ్ బదులు ఉత్త మెథనాల్ కలిపిన సారం రీడింగు తీసి, అసలు రీడింగులోంచి కొట్టెయ్యాలి. ప్రతి గాఢతకూ విడిగా. ఒక్కసారి తీసి అన్నిటికీ అదే వాడితే లాభం లేదు.

కంట్రోల్ (సారం వెయ్యని డీపీపీహెచ్) 0.80, మీ సారం 0.86 అనుకోండి. నేరుగా లెక్కేస్తే మైనస్ 7.5 శాతం. సారం సొంత రంగు 0.74 తీసేస్తే మిగిలేది 0.12. ఇప్పుడు 85 శాతం! సరుకు లేదన్నది ఈ ఆకునే. నేనైతే సొంత రంగు ఇంత ముదురుగా ఉంటే తీసివేతను నమ్ముకోను, సారాన్ని పలచన చేసి మళ్లీ మొదలుపెడతాను.

ఇక బాక్టీరియా. అగర్ పొయ్యడం, స్వాబ్ రాయడం మీకు వచ్చిందే. సారం పట్టించిన డిస్కు 6 మిల్లీమీటర్లు, వలయాన్ని (డిస్కు చుట్టూ బాక్టీరియా పెరగని మేరను) దాంతో కలిపే కొలుస్తాం. కాబట్టి 6 అని వస్తే సున్నా అన్నమాటే. ద్రావకం ఒక్కటే వేసిన డిస్కు పక్కన తప్పనిసరి. టానిన్లు పెద్ద అణువులు, అగర్‌లో మెల్లగా పాకుతాయి. అందుకే చిన్న వలయం చూసి బలం తక్కువని రాయకండి. ఎమ్‌ఐసీ, అంటే బాక్టీరియా పెరుగుదలను ఆపే అతి తక్కువ గాఢత, చూడండి.

అక్కడా రంగు వదలదు. ప్లేటులోని బావి (చిన్న గుంట) గోధుమరంగులో ఉంటే, బాక్టీరియా పెరిగిందని చెప్పే మసక కనబడదు. రెసాజురిన్ అనే నీలిరంగు వేస్తే, బాక్టీరియా బతికుంటే నీలం గులాబీ అవుతుంది. కానీ సారంలోని పాలీఫినాల్స్ (టానిన్లూ వీటిలోవే) తామే ఆ రంగును మార్చెయ్యగలవు! బాక్టీరియా లేకుండా సారం, రెసాజురిన్ మాత్రమే ఉన్న బావి ప్రతి గాఢతకూ పెట్టాల్సిందే.

అభ్యాసం: బదాన్ మనకు తేలిగ్గా దొరకదు, ఈసారి కరక్కాయ తీసుకోండి. వగరులో అదీ తక్కువదేం కాదు, మంగోలియా వైద్యులకూ అది ముఖ్యమైన మందే. ఆరు గాఢతలు, ఒక్కోటి మూడుసార్లు, అన్నిటికీ సొంత రంగు రీడింగులు. శాతాలు తీసివేతకు ముందు ఒక వరుసలో, తర్వాత మరో వరుసలో రాయండి. బాక్టీరియా పని మాత్రం కాలేజీ ల్యాబులోనే, వంటింట్లో కాదు.