నర్సరీ జునిపర్‌ని వింత బోన్సాయ్‌గా మార్చే ముందు మన బెజవాడ ఎండలకి తగ్గ జాగ్రత్తలు

కార్తీకం వచ్చేసింది, తుపాన్ల గొడవ కాస్త తగ్గింది, మేడ మీద ఎటు పడితే అటు పెరిగిపోయిన జునిపర్‌ని చూసి దీన్ని బోన్సాయ్ చేసేద్దాం అనిపించేది సరిగ్గా ఇప్పుడే. టైమ్ మంచిదే. బెజవాడ, గుంటూరు వైపు ఈ మొక్క మీద కట్టర్ పెట్టాలంటే నవంబర్ సగం నుంచి జనవరి ఆఖరు దాకానే, ఆ తర్వాత పెద్ద పనులేవీ పెట్టుకోకండి. జునిపర్‌ది చల్లటి చోట్ల పెరిగే జాతి, ఇక్కడ దానికి అసలు పరీక్ష మే నెలలో రోహిణి కార్తెకి, కాబట్టి డిసెంబర్‌లో ఏం కోసినా మేలో తట్టుకుంటుందా లేదా అని లెక్కేసుకునే కోయాలి.

మొక్క ఎంచుకునేటప్పుడు చక్కగా శంకువులా పెరిగినదాని జోలికి పోకండి. నర్సరీలో వెనకాల మూలన పడేసినవి ఉంటాయి చూడండి, మొదలు వంకరపోయి, కింద ఒక కొమ్మ పక్కకి సాగిపోయి ఉంటుంది, వింత బోన్సాయ్‌కి అదే కావాలి. ఒకటి మాత్రం గమనించండి, ఆ పక్క కొమ్మకి మొదలు దగ్గర్లో కూడా పచ్చదనం ఉండాలి, ఎందుకంటే జునిపర్‌కి ఆకు లేని పాత కొమ్మ మీద కొత్త చిగురు దాదాపు రాదు. గులాబీ, మందారం కత్తిరించిన అలవాటుతో మోడు చేసి వదిలేస్తే ఆ కొమ్మ అంతే సంగతులు.

అన్నిటికంటే పెద్ద మోసం ఏంటంటే ఈ మొక్క చచ్చిపోయినా వారాల తరబడి పచ్చగానే కనిపిస్తుంది. పని చేసిన పది రోజులకి పచ్చగా ఉంది కదా అని ధైర్యం వచ్చేసి కుండీ మార్చేస్తారు, అప్పటికే అది లోపల పోయుంటుంది. అందుకే ఒక చలికాలంలో ఒకటే పెద్ద పని, ఈసారి కొమ్మలైతే వేర్లు వచ్చే ఏడాది. ఆకు కూడా మూడో వంతుకి మించి తీయొద్దు. ఎక్కువ తీస్తే ముదురు పొలుసు ఆకు పోయి గుచ్చుకునే సూదుల్లాంటి లేత ఆకు వస్తుంది, మళ్లీ మామూలవ్వడానికి చాలా కాలం పడుతుంది. అనుమానం వస్తే గోరుతో బెరడు కొంచెం గీకి చూడండి, కింద పచ్చగా తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే.

వేర్ల సంగతికొస్తే, కడియం వైపు నుంచి వచ్చే మొక్కలకి చాలావాటికి వేర్ల చుట్టూ జిగట మట్టి గడ్డ ఉంటుంది. దాన్ని అలాగే తెచ్చి ఇసుక, ఇటుక ముక్కల మిక్స్‌లో పెడితే పోసిన నీళ్లన్నీ చుట్టూ ఉన్న ఇసుకలోంచి జారిపోయి గడ్డ మధ్యలో ఎండిపోయే ఉంటుంది, పైన చూస్తే తడి. సన్న ఊచతో గడ్డలో నాలుగైదు చోట్ల పొడిచి నీళ్లు లోపలికి దిగుతున్నాయో లేదో చూడండి. మట్టి మొత్తం ఒకేసారి కడిగేయకండి, ఈ ఏడు సగం, ఆ తర్వాత ఏడాదో రెండేళ్లో ఆగి మిగతా సగం.

వైరింగ్‌కి, అంటే కొమ్మ వంచడానికి దాని చుట్టూ తీగ చుట్టే పనికి, అల్యూమినియం తీగ బెస్ట్, కొమ్మ లావులో మూడో వంతు మందం ఉంటే సరిపోతుంది. సెంట్రింగ్ పనికి వాడే బైండింగ్ వైర్ వద్దు, సన్నగా ఉండి బెరడులోకి దిగిపోతుంది, పైగా తుప్పు. లావు కొమ్మైతే ముందు పాత సైకిల్ ట్యూబ్ ముక్కలు చుట్టి, అప్పుడు తీగ వేసి మెల్లగా వంచండి, చిటుక్కుమన్న సౌండ్ వినిపిస్తే అక్కడితో ఆపేసి అలాగే కట్టేయండి. తీగ కోసేటప్పుడు కొస ఎగిరి కంట్లో పడే ప్రమాదం ఉంది, కళ్లద్దాలు పెట్టుకోండి.

ఇక వింతదనం అంతా ఉండేది ఎండు కట్టెలో. నిటారుగా పెరిగిన అసలు మానుని ఆకు, బెరడు తీసి ఎండు కట్టెగా చేసి, కింది పక్క కొమ్మనే చెట్టుగా చూపించడం నాకు బాగా నచ్చే పద్ధతి (ఇంట్లో ఎండిన చెట్టు ఉంటే అరిష్టమమ్మా అని పక్కింటి పిన్నిగారు అంటూనే ఉంటారు, అననివ్వండి). కానీ మాను మీదున్న ఆకంతా ఒకేసారి తీస్తే ఇందాకటి మూడో వంతు లెక్క తప్పుతుంది, కాబట్టి రెండు మూడు చలికాలాలు తీసుకుని పై నుంచి కొంచెం కొంచెంగా దిగండి. బెరడు చెక్కే ముందు పాత టూత్‌బ్రష్‌తో పైపొట్టు రుద్దండి, ఎర్రగా నున్నగా ఉన్న బెరడు బయటపడుతుంది, మీరు ఉంచుకునే కొమ్మ నుంచి కింద వేరు దాకా దాని మీద సుద్దముక్కతో గీత గీయండి. జునిపర్‌లో ఒక కొమ్మకి తిండి ఎక్కువగా దాని కిందున్న వేరు నుంచే, ఆ దారి తెగితే కొమ్మ పోతుంది. గీతకి దూరంగా, సన్న పట్టీగా మొదలుపెట్టి ఏటా కాస్త వెడల్పు చేసుకోండి.

చెక్కిన కట్టె కుళ్లకుండా పూసే లైమ్ సల్ఫర్ (సున్నం, గంధకం కలిపి కాచిన మందు) కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడుతుంది, చర్మాన్ని కాలుస్తుంది, కళ్లల్లో పడితే చాలా డేంజర్. గ్లవ్స్ వేసుకుని ఆరుబయటే పూయండి, మట్టి మీద ప్లాస్టిక్ కవర్ కప్పండి, వెనిగర్, నిమ్మరసం, బాత్రూం యాసిడ్ లాంటివి దాని దగ్గరకి రానివ్వద్దు, కలిస్తే విషవాయువు వస్తుంది.

మార్చి ఆఖరుకి గ్రీన్ నెట్ కిందకి మార్చండి, పొద్దుటి ఎండ చాలు, అలాగని ఇంట్లో మాత్రం పెట్టొద్దు. స్లాబ్ వేడి తగలకుండా కుండీ కింద ఇటుకలు పెట్టండి. మధ్యాహ్నం పైపులో నీళ్లు సలసలా కాగి ఉంటాయి, అవి వదిలేశాకే మొక్కకి పెట్టాలి. ఎండల్లో ఆకు రంగు వెలిసినట్టు కనిపిస్తే కింద తెల్ల కాగితం పట్టి కొమ్మని తట్టండి, నలుసులు పాకుతుంటే నల్లి (ఆకు రసం పీల్చే సన్న పురుగు) పట్టినట్టే. గుంటూరు మిర్చి రైతుల దగ్గర దొరికే గంధకం మందు దీనికీ పనిచేస్తుంది గానీ మండే ఎండలో కొడితే ఆకే మాడిపోతుంది, కాబట్టి మే నెలలో మందు పక్కన పెట్టి రోజూ పొద్దున్నే ఆకు అడుగు నుంచి నీళ్లు గట్టిగా స్ప్రే చేయండి.