ఇనుము గ్లేజుల పరీక్ష: బట్టీ ఎక్కించేముందు జాగ్రత్తలు

మట్టిపాత్రల మీద పూసి కాలిస్తే గాజులా కరిగి అంటుకునే పూతే గ్లేజు; రంగు కోసం అందులో ఐరన్ ఆక్సైడు కలిపితే ఇనుము గ్లేజు. దీనితో అసలు భయం రంగు గురించి కాదు, కారడం గురించి. బట్టీలో గాలి తగ్గించి పొగమంట మీద కాలిస్తే (దీన్నే రిడక్షన్ అంటాం) ఎర్ర ఐరన్ ఆక్సైడు కొంత ఆక్సిజన్ వదులుకుంటుంది. అలా మారిన ఇనుము గ్లేజును ఇంకా పలచగా కరిగిస్తుంది. కరెంటు బట్టీలో బుద్ధిగా నిలిచిన గ్లేజే గ్యాస్ బట్టీలో జారి షెల్ఫుకు అతుక్కుపోతుంది.

అందుకని నమూనా పలకల్ని పడుకోబెట్టకండి, నిలబెట్టి కాల్చండి. పాదం దగ్గర అర అంగుళం మేర గ్లేజు తుడిచేసి, కింద మట్టిబిళ్ల పెట్టండి. షెల్ఫుకు అల్యూమినా హైడ్రేటు, చైనా క్లే సమపాళ్లలో నీళ్లలో కలిపి పూయండి.

బేసుకి (ఇనుము కలపని మూల గ్లేజుకు) ఫెల్డ్‌స్పార్ 40, క్వార్ట్జ్ పొడి 30, వైటింగ్ (సుద్దపొడి) 20, చైనా క్లే 10 పాళ్లు చాలు; ఇది 1280–1300 డిగ్రీలకు పనికొస్తుంది. ఆరు కప్పుల్లో ఈ పొడి బేసును 100 గ్రాముల చొప్పున తూచి, వరుసగా 1, 2, 4, 6, 8, 10 గ్రాముల ఎర్ర ఐరన్ ఆక్సైడు కలపండి. ఒకే కప్పులో ముంచుతూ ఇనుము పెంచుకుంటూ పోతే లెక్క తప్పుతుంది, ముంచిన ప్రతిసారీ బేసు తగ్గిపోతుంది కదా! గచ్చుకు వాడే రెడ్ ఆక్సైడ్ వద్దు, అందులో ఇనుము ఎంతో తెలియదు. నీళ్లలో కలిపి 80 మెష్ (అంగుళానికి 80 కళ్లున్న) జల్లెడలో రెండుసార్లు వడకట్టండి, లేకపోతే ఉండలు మచ్చలుగా తేలతాయి.

పలకను మూడు సెకన్లు ముంచి, పై సగం మళ్లీ ముంచండి. 8 శాతం దగ్గర మందంగా ఉన్నచోట నల్లగా, పలచబడ్డ అంచున తుప్పురంగుగా తేలుతుంది. నిదానంగా చల్లారిస్తే ఆ తుప్పురంగు ఇంకా పైకొస్తుంది. 1–2 శాతం రిడక్షన్‌లో లేత ఆకుపచ్చ, మామూలు గాలిలో తేనెరంగు. కాబట్టి పలక వెనక శాతంతో పాటు మంట రకం కూడా రాయాలి. పెన్సిలు రాత కాలిపోతుంది. ఐరన్ ఆక్సైడు నీళ్లలో కలిపి కుంచెతో రాయండి.

నూనెచుక్కలు (నల్ల గ్లేజు మీద నూనెబొట్లలా మెరిసే మచ్చలు) కావాలంటే రిడక్షన్ అసలు వద్దు. దాదాపు 1230 డిగ్రీలు దాటాక ఇనుమే ఆక్సిజన్ వదులుతుంది, ఆ బుడగలే ఇనుమును పైకి మోసుకొచ్చి చుక్కలు కడతాయి. తొందరపడి మంట ఆపితే పగిలిన బుడగలు పూడక గుంటలు మిగులుతాయి. చివర్లో అరగంటైనా అదే వేడి మీద ఉంచండి.

క్వార్ట్జ్ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే పోదు. తూచేటప్పుడు ఎన్95 మాస్కు తప్పనిసరి. చీపురు పట్టకండి, తడిగుడ్డతో తుడవండి. రిడక్షన్‌లో వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, మూసిన గదిలో కాల్చొద్దు. చూపురంధ్రం లోంచి మంట బయటికి తన్నుతుంది, జుట్టు ముడేసుకుని పక్కనుంచే చూడండి.