జనరేటర్ పొగగొట్టం, నాలుగో పాఠం: ఒక్కచోటే కట్టాలి

పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క ముందు సరిచూసుకుందాం. కర్నూలులో 10 మీటర్ల ఎత్తున్న లాడ్జి, 82.5 కేవీఏ జనరేటర్. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సూత్రం ప్రకారం కేవీఏ వర్గమూలాన్ని 0.2తో గుణిస్తే 1.82 వస్తుంది. దాన్ని బిల్డింగు ఎత్తుకు కలిపితే గొట్టం మూతి నేల నుంచి 11.8 మీటర్ల మీద ఉండాలి. వర్గమూలం తీయడం మరిచిపోయి 16.5 మీటర్లు కలిపినవాళ్లు మళ్లీ చేయండి. అంత ఎత్తు పెడితే లాడ్జి మీద సెల్ టవర్ లేపినట్టుంటుంది.

ఈ పాఠం కూడా అదే లాడ్జి మీదే. జనరేటర్ గది వెనకవైపు ఉంది. సైలెన్సర్ దాటిన గొట్టం గదిలో 3 మీటర్లు అడ్డంగా పోయి, నేలకు 1.8 మీటర్ల ఎత్తున గోడ దాటి బయటికొస్తుంది. అక్కడ ఎల్బో (మూల తిప్పే వంపు ముక్క) తిరిగి 10 మీటర్లు నిలువుగా మిద్దె పైకి పోతుంది. నాలుగంగుళాల మీడియం క్లాస్ ఇనుప గొట్టం మీటరుకు 12 కిలోల చొప్పున తూగుతుంది కాబట్టి నిలువు ముక్క ఒక్కటే 120 కిలోలు. ఇందులో ఒక్క కిలో కూడా ఇంజిను మీద పడకూడదు. టర్బో మెడ, అంటే ఇంజిను నుంచి పొగ వచ్చే చోటు, పొగ బయటికి వదలడానికే గానీ బరువు మోయడానికి కాదు. అందుకే సైలెన్సర్‌ను స్లాబు నుంచి రాడ్లతో వేలాడదీసి, ఇంజినుకూ దానికీ మధ్య బెలోస్ వేస్తాం, అంటే ముడతలు ముడతలుగా సాగి ముడుచుకునే గొట్టం ముక్క.

బరువు సంగతి ఎవరికైనా తడుతుంది. తట్టనిది ఇంకోటుంది. అది నాకు అనంతపురంలో, నా చేతుల మీదుగానే తెలిసొచ్చింది.

కొత్తగా షాపు పెట్టిన రోజులు. మూడంతస్తుల బిల్డింగుకు గొట్టం ఎక్కించి, గట్టిగా ఉండాలని ఐదు చోట్ల యూ క్లాంపులు (గొట్టాన్ని చుట్టి పట్టే U ఆకారపు కడ్డీలు) వేసి, స్పానరుకు పైపు తొడిగి మరీ బిగించినా. "ఏనుగు గుంజినా రాదు పో" అని ఓనరుతో గొప్పలు కూడా చెప్పినా. ఏప్రిల్ నెల, రాత్రంతా కరెంటు లేదు, జనరేటర్ తెల్లారేదాకా ఆడింది. పొద్దున ఆరింటికి ఫోను. పోయి చూస్తే మూడో క్లాంపును గోడకు పట్టిన ఫాస్టెనర్లు (గోడలో విప్పారి బిగిసే బోల్టులు) రెండూ ఇటుక పెళ్లతో సహా ఊడి వేలాడుతున్నాయి. ఎల్బో దగ్గర వెల్డింగు వెంట్రుకంత చీలింది. ఆ చీలిక వెంబడి తెల్లసున్నం గోడ మీద జానెడు మసిచార. ఓనరు అరిచి ఉన్నా బాగుండేది. "ఏం సామీ, ఏనుగు వచ్చిందా?" అన్నాడు, అంతే.

వచ్చింది ఏనుగు కాదు, వేడి. మామూలు ఇనుము మీటరు పొడవుకు, ప్రతి 100 డిగ్రీల వేడికి 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది. ఈ ఒక్క అంకె గుర్తుంచుకోండి, ఇక ఈ పాఠమంతా దాని చుట్టే తిరుగుతుంది. మన గొట్టం 40 డిగ్రీల ఎండ నుంచి 400 డిగ్రీలకు వేడెక్కిందనుకోండి. తేడా 360. పది మీటర్లకు 10 × 3.6 × 1.2, అంటే 43 మిల్లీమీటర్లు. రెండు వేళ్ల మందం. స్టెయిన్‌లెస్ స్టీలయితే 1.2 బదులు 1.7 వేయాలి, అప్పుడది 61 అవుతుంది. స్టెయిన్‌లెస్ మంచిదే, సాగడంలో మాత్రం ఇనుముకంటే ముందుంటుంది.

సాగనీయకుండా పట్టుకుంటే సరిపోదా? సరిపోదు. ఇదే గొట్టాన్ని రెండు కొసలూ కదలకుండా బిగించి 50 డిగ్రీలు వేడెక్కించినా 18 టన్నుల పైచిలుకు తోపుడు పుడుతుంది. లారీ లోడుకు ఎదురు నిలిచే క్లాంపు ఏ షాపులోనూ దొరకదు. ఏదో ఒకటి వంగాలి, ఊడాలి, పగలాలి.

కాబట్టి ఎద్దును గూటానికి కట్టినట్టు గొట్టాన్ని ఒక్కచోటే కట్టాలి. మన లాడ్జిలో ఆ గూటం నిలువు గొట్టం అడుగున, ఎల్బో పక్కనే. బరువంతా దాని మీదే. అక్కడి నుంచి పైకి సాగేది మూతివైపు పోతుంది, పైన ఆకాశమే కాబట్టి అడ్డం లేదు. గదిలోని 3 మీటర్ల ముక్క సుమారు 13 మిల్లీమీటర్లు ఇంజినువైపు సాగితే బెలోస్ నొక్కుకుని సర్దుకుంటుంది. అయితే బెలోస్‌ను వంకరగా లాగి, కలవని ఫ్లాంజులను (గొట్టాల కొసల్లో బోల్టులతో కలిపే చక్రాలను) కలపడానికి వాడొద్దు. అది సాగుడుకూ అదురుకూ పెట్టింది, కొలత తప్పును దాచడానికి కాదు.

మిగతా చోట్ల వేసేవి గైడ్లు. అంతస్తుకు ఒకటి చొప్పున మూడు మీటర్లకోసారి చాలు. గొట్టం పక్కకు ఊగకూడదు, పైకీ కిందికీ మాత్రం హాయిగా జారాలి. యూ క్లాంపుతోనే గైడు చేయొచ్చు. కిటుకంతా నట్లలో ఉంది. క్లాంపును మోసే L ఆకారపు ఇనుప ముక్కే యాంగిల్. యాంగిల్‌కు పైన ఒక నట్టు, కింద ఒక నట్టు వేసి, ఆ రెండిటినీ యాంగిల్‌కే బిగించండి, గొట్టానికి కాదు. గొట్టం చుట్టూ 2, 3 మిల్లీమీటర్ల సందు మిగలాలి. వేడికి గొట్టం లావు పెరిగేది అర మిల్లీమీటరే కాబట్టి ఆ సందు చాలు. బిగించాక గొట్టం సందులో హ్యాక్సా బ్లేడు దూర్చి చుట్టూ తిప్పండి. ఎక్కడా ఇరుక్కోకపోతే అది గైడు. ఇరుక్కుంటే మీకు తెలియకుండానే ఇంకో గూటం పాతారన్నమాట.

ఇంకో దొంగగూటం గోడలో ఉంటుంది. గొట్టం గోడ దాటే కంతను తాపీమేస్త్రి అలవాటు కొద్దీ సిమెంటుతో పూడ్చేస్తాడు. ఆయన తప్పేం లేదు, ఆయనకు ఎవరూ చెప్పరు. ముందే ఎనిమిదంగుళాల స్లీవు (గొట్టం దూరే పెద్ద గొట్టం ముక్క) గోడలో పెట్టించి, సందులో రాక్‌వూల్ అనే కాలని రాతి ఉన్ని కూరండి. పాత మట్టిమిద్దెల్లో దూలాలూ దంతెలూ కట్టెవి. కట్టెకూ వేడి గొట్టానికీ మధ్య మూరెడు ఎడం లేకపోతే నేను పని ఒప్పుకోను.

గోడల గురించి మన జిల్లాల వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. కడప బండ అతికించిన గోడ చూడ్డానికి రాయిలా ఉంటుంది, నమ్మకండి. బండ పొరలు పొరలుగా ఏర్పడిన రాయి. ఫాస్టెనర్ బిగిసేకొద్దీ లోపల విప్పారి పొరను చీలుస్తుంది. దాని వెనక ఇంకో అంగుళం మాలు తప్ప ఏమీ ఉండదు. పొడవాటి ఫాస్టెనర్‌తో బండను దాటి కాంక్రీటు బీములోకి పోవాలి. ప్రతి అంతస్తుకూ బీము ఉంటుంది, గైడ్లూ అంతస్తుకొకటే కాబట్టి లెక్క కలిసొస్తుంది. బీము అందకపోతే ఇటుక గోడకు ఆరపార బోల్టు వేసి, అవతల జానెడు చదరం ప్లేటు పెట్టి బిగించండి. స్క్రూ కోసం గోడలో దూర్చే ప్లాస్టిక్ గిట్టీలు మాత్రం వేడి గొట్టం దరిదాపుల్లోకి రానీయొద్దు.

ఇక మిద్దె పైన. పిట్టగోడ దగ్గరి గైడు అన్నిటికంటే గట్టిది కావాలి. గాలి లెక్కలకు కర్నూలుకు ఇచ్చిన వేగం సెకనుకు 39 మీటర్లు. వేడి ఆపడానికి చుట్టే ఉన్నితో, పైరేకుతో కలిపి 22 సెంటీమీటర్ల లావైన గొట్టం 1.8 మీటర్లు బయటికి నిలబడితే, ఆ గాలి సుమారు 37 కిలోల బలంతో పక్కకు తోస్తుంది. గుండ్రం కాబట్టి అసలు తోపు కొంత తక్కువే, అయినా నేను తగ్గించను. గొట్టం ఊగకుండా పక్కలకు లాగి కట్టే గై వైర్లు కట్టాల్సి వస్తే గొట్టానికి నేరుగా కట్టొద్దు. చల్లగా ఉన్నప్పుడు బిగువుగా కట్టిన వైరు, గొట్టం నాలుగు సెంటీమీటర్లు లేచేసరికి తెగనైనా తెగుతుంది, కొక్కేన్నైనా పీకుతుంది. వదులు రింగు తొడిగి, ఆ రింగుకు మూడు వైపులా కట్టండి. గొట్టం రింగులో జారుతుంది, వైరు కదలదు.

పని అయ్యాక పరీక్ష. గొట్టం చల్లగా ఉన్నప్పుడు పై గైడు అంచున బ్లేడుతో సన్నగీత గీయండి. గంటసేపు లోడు మీద ఆడించి మళ్లీ మిద్దె ఎక్కండి. గీత గైడుకు మూడు నాలుగు సెంటీమీటర్లు పైన కనబడాలి. గీత కదల్లేదంటే జనరేటర్ ఆపించి, గొట్టం చల్లారాక ఒక్కో గైడూ బ్లేడుతో చూసుకుంటూ కిందికి దిగండి.

ఇంటి లెక్క: కడపలో ఒక కల్యాణ మండపం. గొట్టం స్టెయిన్‌లెస్. అడ్డంగా 6 మీటర్లు, నిలువుగా 8. వేడి తేడా అదే 360. ఎటు ఎంత సాగుతుంది, గూటం ఎక్కడ, గైడ్లు ఎన్ని, బెలోస్ ఒకటి చాలా రెండు కావాలా? బొమ్మ గీసి పెట్టుకోండి, ఐదో పాఠంలో ఉన్ని చుట్టేది ఆ బొమ్మ మీదే.