ఇంట్లో కట్టుకున్న పవర్ సప్లైలో రెగ్యులేటర్ మొరాయిస్తే: సమస్య - పరిష్కారం

అవుట్‌పుట్ వోల్టేజీ తప్పగానే చాలామంది రెగ్యులేటర్ ఐసీని (వోల్టేజీని ఒకే విలువ దగ్గర నిలిపే మూడు కాళ్ల చిప్‌ను) విప్పి కొత్తది వేస్తారు. నల్లగొండలో నా చేతికి వచ్చిన పవర్ సప్లైలలో ఎక్కువ వాటిలో ఐసీ బాగానే ఉంది. దానికి చాలినంత వోల్టేజీ అందకపోవడమో, దాని వేడి బయటికి పోయే దారి లేకపోవడమో అసలు కారణం. అందుకని ఐసీని కదిలించకముందే, లోడ్ (సప్లై మీద నడిచే పరికరం) తగిలించి ఉండగానే, దాని ఇన్‌పుట్ కాలు దగ్గరా అవుట్‌పుట్ కాలు దగ్గరా డీసీ వోల్టేజీ కొలిచి రాసుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ వైపు 230 వోల్టులు ఉంటాయి గనుక, టంకం పెట్టే ముందు ప్లగ్ పీకి, పెద్ద కెపాసిటర్‌లో మిగిలిన చార్జిని 1 కిలో ఓం రెసిస్టర్‌తో ఖాళీ చేయడం తప్పనిసరి.

సమస్య: పగలు బాగా పనిచేసే 12 వోల్టుల సప్లై సాయంత్రమయ్యేసరికి పడిపోతుంది, దానిమీద నడిచే రేడియోలో గుయ్యిమని హోరు వస్తుంది.

మన పల్లెల్లో ఇదే ఎక్కువ. యాసంగిలో బోరు మోటార్లు, వేసవిలో కూలర్లు ఒకేసారి నడిచినప్పుడు లైను చివరి ఇళ్లలో 230 వోల్టులు 185 దాకా దిగడం నేను మీటర్‌తో చూశాను. 12 వోల్టుల, 1 ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్ల బ్రిడ్జి, 2200 మైక్రోఫారడ్ కెపాసిటర్, 7812 ఐసీ (12 వోల్టుల రెగ్యులేటర్), 300 మిల్లీ ఆంపియర్ల లోడ్ ఉన్న సప్లైని తీసుకుందాం. పగలు కెపాసిటర్ మీద సుమారు 16 వోల్టులు ఉంటాయి. లైను వోల్టేజీ 185కు దిగితే అక్కడ సగటున పన్నెండున్నర వోల్టులే మిగులుతాయి. 7812 సరిగా పనిచేయాలంటే ఇన్‌పుట్, అవుట్‌పుట్ కంటే సుమారు 2 వోల్టులు ఎక్కువ ఉండాలి, అంటే 14 వోల్టులు కావాలి. అవి లేనప్పుడు ఐసీ వోల్టేజీని నిలపలేక ఇన్‌పుట్‌లోని అలలను (వోల్టేజీలో మిగిలిన ఎగుడుదిగుళ్లను) అలాగే లోడ్‌కు పంపుతుంది. ఆ 100 హెర్ట్జ్ అలలే రేడియోలో హోరుగా వినిపిస్తాయి.

ఇక్కడ మీటర్ ఒక మోసం చేస్తుంది. డీసీ రేంజిలో అది చూపేది సగటు, ఐసీకి కావలసింది అల అడుగు భాగంలో ఉండే వోల్టేజీ. 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్‌ను సిరీస్‌లో పెట్టి ఏసీ రేంజిలో కొలిస్తే అల విలువ తెలుస్తుంది. దాన్ని మూడున్నరతో గుణిస్తే అల పైకొన నుంచి కిందికొన దాకా ఎంతో సుమారుగా వస్తుంది, అందులో సగాన్ని సగటు నుంచి తీసేస్తే అడుగు దొరుకుతుంది. పగలు కూడా హోరు ఉంటే కెపాసిటర్ ఎండిపోయిందనో చిన్నదైందనో అనుమానించాలి: 1 ఆంపియర్ లోడ్‌కు 1000 మైక్రోఫారడ్ పెడితే లెక్క ప్రకారం అల 10 వోల్టుల దాకా పోతుంది, 4700 పెడితే దాదాపు 2 వోల్టులకు తగ్గుతుంది. సాయంత్రం మాత్రమే వచ్చే హోరుకు మందు 15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్. అప్పుడు 185 వోల్టుల దగ్గర కూడా అల అడుగు 15 పైన నిలుస్తుంది. అయితే పగటిపూట ఆ అదనపు వోల్టేజీ అంతా ఐసీలో వేడిగా మారుతుంది గనుక, హీట్‌సింక్ (ఐసీ వేడిని లాగే అల్యూమినియం ముక్క) లేకుండా ఈ మార్పు చేయకూడదు.

సమస్య: కొన్ని నిమిషాలు నడిచి ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ వస్తుంది.

ఐసీ వేడెక్కి తనను తాను కాపాడుకుంటోంది. ఇన్‌పుట్‌కూ అవుట్‌పుట్‌కూ మధ్య తేడాను కరెంటుతో గుణిస్తే వేడి ఎంతో వస్తుంది: 14 వోల్టుల నుంచి 5 వోల్టులు తీసే 7805 మీద అర ఆంపియర్ లోడ్ ఉంటే 4.5 వాట్లు. హీట్‌సింక్ లేని ఐసీ వాట్‌కు దాదాపు 65 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. గది 42 డిగ్రీలుండే మన మే నెలలో, లోపలి చిప్ 125 డిగ్రీలు దాటకుండా అది మోయగలిగేది ఒకటింబావు వాట్ మాత్రమే. పుస్తకాల్లోని ఉదాహరణలు 25 డిగ్రీల గదికి వేసినవి, వాటిని నమ్మి హీట్‌సింక్ చిన్నది కొనవద్దు. 5 వోల్టులకు 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ బదులు 9 వోల్టులది వాడితే సగం బాధ తీరుతుంది, కానీ సాయంత్రం లోడ్‌తో మళ్లీ కొలిచి చూడాలి.

సమస్య: హీట్‌సింక్‌కు బిగించగానే ఫ్యూజ్ పోతుంది.

7805 వీపుకు ఉన్న లోహపు రేకు గ్రౌండ్‌కు కలిసి ఉంటుంది. ఎల్‌ఎం317 (వోల్టేజీని మార్చుకోగల రెగ్యులేటర్) రేకు అవుట్‌పుట్‌కు, 7905 (మైనస్ 5 వోల్టుల రెగ్యులేటర్) రేకు ఇన్‌పుట్‌కు కలిసి ఉంటాయి. మూడింటినీ ఒకే అల్యూమినియం ముక్కకు బిగిస్తే షార్ట్ కాక తప్పదు. మైకా ముక్క, స్క్రూకు ప్లాస్టిక్ బుష్ పెట్టి, కరెంటు ఇవ్వకముందే రేకుకూ హీట్‌సింక్‌కూ మధ్య కంటిన్యుటీ (కరెంటు పారే దారి) లేదని మీటర్‌తో చూడాలి. ఈ మూడింటి కాళ్ల వరుస కూడా ఒకటి కాదు.

ఎల్‌ఎం317లో మరో రెండు చిక్కులున్నాయి. లోడ్ లేనప్పుడు వోల్టేజీ పైకి పాకితే, ఐసీకి కావలసిన కనీస కరెంటు అందడం లేదని అర్థం. అది 10 మిల్లీ ఆంపియర్ల దాకా ఉండవచ్చు, అవుట్‌పుట్ కాలికీ అడ్జస్ట్ కాలికీ మధ్య పెట్టే 240 ఓంల రెసిస్టర్ ఇచ్చేది 5 మాత్రమే. అక్కడ 120 ఓంలు పెట్టి, పాట్ (వోల్టేజీ మార్చడానికి తిప్పే రెసిస్టర్) విలువను కూడా సగం చేస్తే సరిపోతుంది. పాట్ తిప్పేటప్పుడు వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరితే లోపలి మధ్య కాలు పట్టు విడుస్తోందన్నమాట. ఎగిరిన ఆ క్షణంలో అవతల ఉన్న సర్క్యూట్ కాలిపోవచ్చు కాబట్టి పాట్ వెంటనే మార్చాలి.

అవుట్‌పుట్ కాస్త అటూఇటూ ఊగుతూ, లోడ్ లేకున్నా ఐసీ వెచ్చబడితే అది డోలనం, అంటే ఐసీ తనంతట తానే వేగంగా ఊగడం. ఇన్‌పుట్ వైపు 0.33, అవుట్‌పుట్ వైపు 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లను ఐసీ కాళ్లకు ఆనించి టంకం వేస్తే ఆగుతుంది.

ఇన్నీ చూశాక, ఇన్‌పుట్ వోల్టేజీ దాదాపు అంతా అవుట్‌పుట్‌లో కనిపిస్తే, గ్రౌండ్ కాలి టంకం విడిపోలేదని రూఢి చేసుకున్న తర్వాతే ఐసీ పోయిందని నిర్ణయించాలి. కోఠి గుజరాతీ గల్లీ నుంచి తెచ్చుకునేటప్పుడు రెండు మూడు అదనంగా తెచ్చుకోండి. కొత్తది వేశాక మొదట 100 ఓంల, 5 వాట్ల రెసిస్టర్‌ను లోడ్‌గా పెట్టి పది నిమిషాలు నడిపి, వోల్టేజీ కదలకుండా నిలిచాకే అసలు సర్క్యూట్ తగిలించండి.