ఫ్రాడ్ అలర్ట్ పెట్టారా? అయితే ఆ ఫోన్ నంబరు జాగ్రత్త

అమెరికా వచ్చిన మొదటి ఏడాదే, నేను అసలు అప్లై చేయని క్రెడిట్ కార్డు గురించి నా పేరు మీద ఒక ఉత్తరం వచ్చింది. మీ దరఖాస్తు ఆమోదించలేకపోతున్నాం అని. నలుగురం ఉండే అపార్ట్‌మెంట్, మెయిల్‌బాక్స్ తాళం సరిగ్గా పడేది కాదు. నా సోషల్ సెక్యూరిటీ నంబరు (ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఎక్కడ బయటపడిందో ఇప్పటికీ తెలీదు. ఆఫీసులో ఒక అన్న చెప్తే ఆ రాత్రే నా క్రెడిట్ రిపోర్టు, అంటే నా అప్పుల చరిత్ర మీద ఫ్రాడ్ అలర్ట్ పెట్టాను. పది నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. పెట్టి మర్చిపోయాను.

ఎనిమిది నెలల తర్వాత కారు కొనడానికి వెళ్తే మళ్ళీ గుర్తొచ్చింది. శనివారం సాయంత్రం. టెస్ట్ డ్రైవ్ అయింది, రేటు కుదిరింది, అమ్మకి వీడియో కాల్‌లో కారు చూపించడం కూడా అయిపోయింది. ఫైనాన్స్ గదిలో ఆయన కంప్యూటర్ చూసి, "మీ రిపోర్టు మీద అలర్ట్ ఉంది, లోన్ ఇచ్చేవాళ్ళు ఈ నంబరుకి ఫోన్ చేయాలి" అని చివరి నాలుగు అంకెలు చదివాడు. అది నా పాత ప్రీపెయిడ్ నంబరు. నెలకి 20 డాలర్లు మిగులుతాయని ఫ్రెండ్స్ ఫ్యామిలీ ప్లాన్‌లో చేరి, కొత్త నంబరు తీసుకుని, పాతది వదిలేశాను. నేను ఎదురుగానే కూర్చుని ఉన్నాను, నేనే నేనని రుజువు లేదు. పాస్‌పోర్టు, జీతం స్లిప్‌లు, కరెంటు బిల్లు అన్నీ పంపించాక, మూడు రోజులకి కారు చేతికొచ్చింది.

అందుకే కొత్తగా వచ్చినవాళ్ళకి ముందు ఇదే చెప్తాను. ఫ్రాడ్ అలర్ట్ తాళం కాదు. మీ క్రెడిట్ రిపోర్టు మీద అంటించిన ఒక చీటీ. "ఈ పేరుతో ఎవరైనా అప్పు అడిగితే, అడిగింది అసలు మనిషేనా కాదా చూసుకుని ఇవ్వండి" అని దాని అర్థం. చీటీ మీద ఫోన్ నంబరు రాసి ఉంటే ఆ నంబరుకి ఫోన్ చేస్తారు, లేదా వేరే పత్రాలు అడిగి తేల్చుకుంటారు. అలర్ట్ ఉన్నంత మాత్రాన అప్లికేషన్ కొట్టేయాలని లేదు, క్రెడిట్ స్కోరు ఒక్క పాయింటు కూడా తగ్గదు. ఆలస్యం మాత్రం అవుతుంది. షాపు కౌంటర్‌లో "ఇప్పుడే కార్డు తీసుకుంటే డిస్కౌంట్" అంటారు చూడండి, అక్కడ వెంటనే అప్రూవల్ రాకుండా పెండింగ్‌లో పడొచ్చు. కంగారుపడి అదే రోజు ఇంకో రెండు చోట్ల అప్లై చేయకండి. స్కోరుకి దెబ్బ తగిలేది అప్లై చేసిన ప్రతిసారీ అప్పు ఇచ్చేవాళ్ళు రిపోర్టు తెరిచి చూసే ఆ వరస ఎంక్వైరీల వల్ల.

పెట్టడం తేలికే. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ బ్యూరోల్లో (ఈ రిపోర్టులు తయారుచేసే కంపెనీలు) ఒకదానికి చెప్తే చాలు, మిగతా రెండింటికీ వాళ్ళే చెప్పాలి, చట్టమే అది. మామూలు అలర్ట్ ఏడాది ఉంటుంది (2018 సెప్టెంబరు దాకా 90 రోజులే ఉండేది). ఎవరైనా నిజంగానే మీ పేరు వాడేసి ఉంటే, ఎఫ్‌టీసీ (వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ సంస్థ) వాళ్ళ ఐడెంటిటీ థెఫ్ట్ సైట్‌లో ఫిర్యాదు ఇచ్చి ఆ రిపోర్టుతో 7 ఏళ్ళ అలర్ట్ అడగొచ్చు. ఇది గట్టిది. మీరు ఇచ్చిన నంబరుకి ఫోన్ చేసో, మిమ్మల్ని నేరుగా కలిసో, మీరు చెప్పిన ఇంకో పద్ధతిలోనో నిర్ధారించుకోకుండా కొత్త అప్పు ఇవ్వకూడదు. నంబరు తప్పయితే దీంతో ఇబ్బంది ఇంకా ఎక్కువ.

కాబట్టి నంబరు మార్చేటప్పుడు పాతదాన్నే పోర్ట్ చేయించుకోండి, అంటే కొత్త కంపెనీకి అదే నంబరు మార్పించుకోండి. కుదరకపోతే మూడు బ్యూరోల్లోనూ విడివిడిగా లాగిన్ అయి సరిచూసుకోండి. ముందే తీసేయాలన్నా అంతే, మూడు చోట్లా అడగాలి. యాన్యువల్‌క్రెడిట్‌రిపోర్ట్ డాట్ కామ్‌లో వారానికోసారి రిపోర్టు ఉచితంగా వస్తుంది, అలర్ట్ ఉందో లేదో అందులో కనిపిస్తుంది. పనిలో పనిగా పేరు కూడా చూసుకోండి. మన ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట సగం ఉంటే, ఐడీ సరిపోల్చేటప్పుడు అదో తలనొప్పి.

అప్పు తీసుకునే ఆలోచన ఇప్పట్లో లేకపోతే నా ఓటు క్రెడిట్ ఫ్రీజ్‌కే. అదీ ఉచితమే, కానీ మూడింటిలో ఎవరికి వాళ్ళకి విడిగా పెట్టాలి. అది నిజంగా తాళం. కొత్త అప్పు ఇచ్చేవాళ్ళకి మీ రిపోర్టే కనబడదు. అవసరమైనప్పుడు ఆన్‌లైన్‌లో అడిగితే గంటలోపు తీయాలి. రెండూ కలిపి పెట్టుకున్నా ఇబ్బంది లేదు. ఒకటి గుర్తుంచుకోండి, మీ చేతిలో ఉన్న కార్డు నంబరు దొంగిలించి ఎవరైనా వాడితే ఈ రెండూ ఆపలేవు.

ఇక ఇండియా ట్రిప్. బయల్దేరే ముందు వారం కార్డుకో లోన్‌కో అప్లై చేసి విమానం ఎక్కితే, వెరిఫికేషన్ కాల్ మనకి అర్ధరాత్రి వస్తుంది, లేదా అసలు రాదు. వైఫై కాలింగ్ ఆన్‌లో పెట్టుకోండి, లేదంటే తిరిగొచ్చాక అప్లై చేయండి.

స్పామ్ కాల్స్ భయంతో తెలియని నంబర్లు ఎత్తని అలవాటు మనందరిదీ. అప్లై చేసిన రెండు మూడు రోజులు మాత్రం ఎత్తండి. అలాగని ఫోన్ చేసినవాడికి సోషల్ నంబరు మొత్తం చెప్పేయకండి. కాల్ కట్ చేసి, ఆ బ్యాంకు సైట్‌లో ఉన్న నంబరు చూసి మీరే తిరిగి చేయండి. వాయిస్‌మెయిల్ నిండిపోయి ఉంటే ముందే ఖాళీ చేసుకోండి.