పర్షియన్ తివాచీలో పూలు గుర్తుపట్టడం ఎలా?

పర్షియన్ తివాచీ పరిచి ఉంటే అందరి కళ్లూ నడిమధ్యన ఉన్న పెద్ద పతకం మీదికే పోతాయి. ఇరాన్‌లో దాన్ని తొరంజ్ అంటారు, అంటే మాదీఫలం. అక్కడ మొదలుపెట్టకండి. ముందు ఒక మూలకు వెళ్లి కూర్చోండి, నిజంగానే కింద కూర్చోవాలి, నిలబడి చూస్తే అన్ని పూలూ ఒకేలా కనిపిస్తాయి.

మూలలో చూడాల్సింది ఒక్కటే: అంచులోని తీగ మలుపు దగ్గరికొచ్చేసరికి ఏం చేస్తోంది? ఇస్ఫహాన్, కాషాన్, నాయీన్ లాంటి ఊళ్లలో నేసినదైతే తీగ నున్నగా తిరిగి పక్క అంచులోకి వెళ్లిపోతుంది, చాలాసార్లు సరిగ్గా మూలలోనే ఒక నిండు పువ్వు కూడా ఉంటుంది. ఎందుకంటే అక్కడ ముందే గళ్ల కాగితం మీద డిజైన్ గీసుకుంటారు, ఒక్కో గడి ఒక్కో ముడి. దాని పేరు నఖ్షే, మనం వాడే నక్షా మాటే. పల్లెల్లో, సంచార తెగల్లో ఎక్కువగా జ్ఞాపకం మీదే నేస్తారు కాబట్టి మూలలో పువ్వు సగానికి తెగిపోవచ్చు, తీగ వంపు తిరగాల్సిన చోట గీతలా విరగొచ్చు. అది లోపమని ఎవరైనా బేరం మొదలుపెడితే నమ్మకండి. నాకైతే ఆ తెగిన పువ్వే ఎక్కువ ఇష్టం.

ఇప్పుడు ఏదో ఒక తీగ మీద వేలు పెట్టి దాని వెంటే వెళ్లండి. తీగలు ప్రధానంగా రెండు రకాలు. చివర రెండుగా చీలిన ఆకులతో మెలికలు తిరిగేది ఎస్లిమీ. సన్నటి కాడ మీద మొగ్గలు, ఆకులు, పూలు వరసగా కూర్చున్నది ఖతాయీ. పనితనం ఉన్న తివాచీలో ఈ రెండూ ఒకదాని మీదుగా ఒకటి దాటిపోతాయి గానీ కలిసిపోవు.

ఖతాయీ తీగ మీద కనిపించే పెద్ద పువ్వు షా అబ్బాసీ. 1588 నుంచి 1629 దాకా పాలించి, రాజధానిని ఇస్ఫహాన్‌కి మార్చిన షా అబ్బాస్ పేరే దానికి పెట్టారు. చూడ్డానికి తామర పువ్వును నిలువుగా కోసి పక్కనుంచి చూపించినట్టుంటుంది: లోపల ఇంకో చిన్న పువ్వు, చుట్టూ పొరలు పొరలుగా రేకులు. అదే పువ్వును పైనుంచి చూసినట్టు గుండ్రంగా, చుట్టూ సమానంగా రేకులతో ఉంటే అది షా అబ్బాసీ కాదు. ఈ ఒక్క తేడా కంటికి అలవాటైతే సగం పని అయిపోయినట్టే.

చాలామంది తికమకపడేది హెరాతీ అనే డిజైన్ దగ్గర. ఇప్పుడు అఫ్గానిస్తాన్‌లో ఉన్న హెరాత్ ఊరి పేరు మీద వచ్చింది. ఇరాన్‌లోని తబ్రీజ్, బీజార్ ఊళ్ల తివాచీల్లో అంచుల లోపలి నేలంతా ఇదే చిన్న చిన్నగా పరుచుకుని ఉండటం మామూలే, దూరం నుంచి చూస్తే ఉత్త గజిబిజి. చేత్తో చుట్టూ మూసేసి కొంచెమే చూడండి: మధ్యలో గుండ్రటి పువ్వు, దాని చుట్టూ డైమండ్ ఆకారంలో గడి, గడి బయట నాలుగు వంకర ఆకులు. ఆ ఆకులు చేపల్లా ఉంటాయి కాబట్టే దీన్ని మాహీ అని కూడా అంటారు, మాహీ అంటే చేప. ఒక్కటి దొరికిందంటే మిగతా వందలూ వాటంతటవే విడివిడిగా కనిపిస్తాయి.

తెల్ల చామంతుల్లాంటి పూలను జాలీలా తీగలతో కలిపితే మీనాఖానీ, వరామీన్‌లో ఎక్కువ. గులాబీలు వెలుగునీడలతో బొమ్మ గీసినట్టుంటే గొల్ ఫరంగ్, యూరప్ అభిరుచి చూసి వేసినవి. ఫరంగ్ అంటే మన పరంగి. ఇక బోతే గురించి మనకు చెప్పాల్సిన పనే లేదు, చీరల మీది మామిడి పిందె. ఫార్సీలో ఆ మాటకు అర్థం మాత్రం పొద. ఆ ఆకారం సైప్రస్ చెట్టని కొందరు, మంట అని కొందరు వాదిస్తూనే ఉంటారు.

ప్రాక్టీసుకి అర్దబీల్ తివాచీ ఫొటో తెరిచి జూమ్ చేయండి. 1539-40లో నేసింది, 10 మీటర్లకు పైగా పొడవు, లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ముదురు నీలం నేల మీద రెండు తీగల అల్లికలు ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉంటాయి, వాటిని విడదీయగలిగారంటే మీకు వచ్చేసినట్టే. ఇంట్లో మచిలీపట్నం కలంకారీ దుప్పటి ఉంటే పక్కన పెట్టుకోండి. ఒకప్పుడు ఆ బట్టలు ఓడల్లో ఇరాన్‌కి వెళ్లేవి, అక్కడి వాళ్లకు నచ్చే పూలే మనవాళ్లు వేసేవారు, చుట్టరికం తెలిసిపోతుంది.

కొనేటప్పుడైతే చివరగా వెనక్కి తిప్పండి. చేతి ముడి అయితే ముందున్న పువ్వు వెనక కూడా ముడి ముడిగా స్పష్టంగా ఉంటుంది, కుచ్చులు పడుగు దారాల కొసలే అయి ఉంటాయి. ఒకసారి ఒక షాపులో చేతి పని అని చూపించిన దానికి కుచ్చులు విడిగా మిషన్‌తో కుట్టి ఉన్నాయి. పాతవాటికి రిపేరులో కొత్త కుచ్చులు వేయడమూ ఉంది కదా అని వెనక కూడా చూశాను, పువ్వు మసకగా అలుక్కుపోయి ఉంది, ముడి అన్నదే లేదు.